హాస్పిటల్‌లో మెడికల్ సెక్రటరీ: ఆరు డెస్కుల్లో మీకు సరిపడేది ఏది?

మెడికల్ సెక్రటరీ అనే మాట ఒకటే గానీ, హాస్పిటల్‌లో ఆ పేరు మీద నడిచే పనులు కనీసం ఆరు రకాలు. ఉద్యోగ ప్రకటనల్లో మాత్రం అన్నిటికీ అవే మాటలు రాస్తారు: టైపింగ్ రావాలి, కంప్యూటర్ తెలిసి ఉండాలి, ఓపిక ఉండాలి. తీరా చేరాక ఒకరికి పొద్దుటి నుంచి క్యూ తగ్గని కౌంటర్ దొరుకుతుంది, మరొకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా టైప్ చేస్తారు. మొదటి కుర్చీలో రాణించేవారు రెండోదానిలో నెల తిరక్కుండా విసిగిపోవచ్చు. అందులో వాళ్ల చేతకానితనం ఏమీ లేదు, ఆ కుర్చీ వాళ్లకు నప్పలేదు, అంతే.

ఇక్కడ పోల్చేది ఈ ఆరింటిని: ఓపీ అపాయింట్‌మెంట్ కౌంటర్, వార్డు డెస్కు, ఒక విభాగానికి లేదా ఒక కన్సల్టెంట్‌కు (సీనియర్ స్పెషలిస్టు డాక్టర్‌కు) సెక్రటరీ, ఆపరేషన్ల షెడ్యూలింగ్, డిక్టేషన్ టైపింగ్ (డాక్టర్ చెప్పి రికార్డు చేసింది విని టైప్ చేయడం), రికార్డులు-కోడింగ్ (ఫైళ్లు చూసి జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు ఇవ్వడం). చిన్న హాస్పిటల్‌లో రెండు మూడు పనులు ఒకరి మీదే పడతాయి. అలాంటప్పుడు రోజులో ఎక్కువ గంటలు ఏ పనికి పోతాయో కనుక్కుని, దాన్ని బట్టి నిర్ణయించుకోండి.

## ముందు చూడాల్సినవి

జీతం, సెలవులు ఎవరైనా అడుగుతారు. వాటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ డెస్కులో తప్పు జరిగితే అది ఎంతసేపటికి బయటపడుతుంది, ఎవరి దగ్గర బయటపడుతుంది? కౌంటర్‌లో టైము తప్పు చెబితే ఆ పేషెంట్ అదే రోజు మీ ఎదురుగా వచ్చి నిలబడతారు. అవమానంగా అనిపిస్తుంది, కానీ సరిదిద్దుకునే వీలుంటుంది. డిక్టేషన్‌లో 15ను 50గా టైప్ చేస్తే అది ఫైల్లో నెలల తరబడి నోరు మెదపకుండా పడి ఉంటుంది, మరో డాక్టర్ దాన్నే నమ్మి మందు రాస్తారు. వెంటనే తేలే తప్పుల మధ్య పనిచేయడానికి గుండె ధైర్యం కావాలి. ఆలస్యంగా తేలేవాటి మధ్య పనిచేయాలంటే, పక్కన ఎవరూ లేకపోయినా తన పని తాను రెండోసారి చూసుకునే అలవాటు ఉండాలి. ఈ రెండూ సమానంగా ఉన్నవాళ్లు తక్కువ.

రెండోది అంతరాయం. పని మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉండే చోటు ఒకటైతే, గంటసేపు తల ఎత్తకుండా చేసుకునే చోటు ఇంకొకటి. రాస్తున్న వాక్యం మధ్యలో ఫోన్ మోగితే, మళ్లీ అదే మాట దగ్గరికి తిరిగి రాగలరా? రాలేకపోతే వార్డు డెస్కులో చాలా కష్టపడతారు.

మూడోది మనసు మీద పడే బరువు. కౌంటర్‌లో ఎక్కువగా కోపం ఎదురవుతుంది, వార్డులో దుఃఖం. టైపింగ్ గదిలో మనుషులు కనిపించరు గానీ, క్యాన్సర్ వార్త చెప్పే ఉత్తరాలు వరసగా నాలుగు టైప్ చేయాల్సి రావచ్చు, అదీ తక్కువ బరువేమీ కాదు. పనివేళలు, శరీరం మీద శ్రమ, తర్వాత ఎటు ఎదగవచ్చన్నది ఆ తర్వాతి లెక్కలు.

| డెస్కు | ఎదురుగా ఉండేది | అంతరాయాలు | తప్పు ఎప్పుడు తేలుతుంది | పనివేళలు |
|---|---|---|---|---|
| ఓపీ కౌంటర్ | క్యూ, ఫోన్ | ఆగకుండా | అదే రోజు | ఎక్కువగా పగలు |
| వార్డు డెస్కు | నర్సులు, బంధువులు, ఫోన్ | ఆగకుండా | గంటల్లో | షిఫ్టులు, సెలవు రోజులు కూడా |
| విభాగం సెక్రటరీ | డాక్టర్, ఉత్తరాలు, రిపోర్టులు | మధ్యస్థం | వారాల తర్వాత | పగలు, అప్పుడప్పుడు ఆలస్యం |
| ఆపరేషన్ల షెడ్యూలింగ్ | లిస్టు, సర్జన్లు, థియేటర్ | మధ్యాహ్నం తర్వాత బాగా | మర్నాడు ఉదయం | పగలు, సాయంత్రం ఒత్తిడి |
| డిక్టేషన్ టైపింగ్ | ఆడియో, స్క్రీన్ | దాదాపు ఉండవు | నెలలు, ఒక్కోసారి ఎప్పటికీ తేలదు | పని పరిమాణాన్ని బట్టి |
| రికార్డులు-కోడింగ్ | ఫైళ్లు, కోడ్‌లు | తక్కువ | నెలల తర్వాత ఆడిట్‌లో | స్థిరంగా పగలు |

## ఓపీ కౌంటర్

ఇక్కడ అసలు నైపుణ్యం మర్యాదగా మాట్లాడటంతో అయిపోదు, టైమును ముక్కలు చేయడం తెలియాలి. ఉదయం 9 నుంచి 1 వరకు ఒక డాక్టర్ ఓపీ అనుకుందాం. మొత్తం 240 నిమిషాలు. కొత్త పేషెంట్‌కు 30, ఫాలో అప్‌కు 15 నిమిషాల చొప్పున నలుగురు కొత్తవాళ్లను, ఎనిమిది మంది పాతవాళ్లను పెడితే లెక్క సరిగ్గా సరిపోతుంది. చిక్కంతా అలా సరిపోవడంలోనే ఉంది. మొదటి కొత్త పేషెంట్ పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటే చాలు, ఆ ఆలస్యం చివరి మనిషి దాకా పాకుతుంది. తెలిసినవాళ్లు ఫాలో అప్‌లను ఆరుకు తగ్గించి, రెండు 15 నిమిషాల స్లాట్లు ఖాళీగా ఉంచుతారు, ఒకటి పదిన్నర ప్రాంతంలో, ఇంకొకటి పన్నెండు దాటాక. అర్జంటు కేసు వస్తే అందులో సర్దుతారు, రాకపోతే ఆలస్యాన్ని ఆ ఖాళీ మింగేస్తుంది. ముందు వారమే వాటిని నింపేయమని పైనుంచి ఒత్తిడి వచ్చే చోట కౌంటర్ ఉద్యోగం రోజూ నరకమే.

ఎక్కువగా జరిగే తప్పు ఒకే మనిషికి రెండు రికార్డులు తెరవడం. పేరు స్పెల్లింగ్ ఒక్కొక్కరు ఒక్కోలా కొడతారు కాబట్టి పేరుతో వెతికితే పాత రికార్డు దొరకదు, కొత్తది తెరుస్తారు, పాత రికార్డులో ఉన్న అలర్జీ కొత్తదాంట్లో ఉండదు. అందుకే ముందు పుట్టిన తేదీతో, తర్వాత ఫోన్ నంబర్‌తో, చివరగా పేరుతో వెతకాలి. ఇంకో చిన్న విషయం: "మీ పుట్టిన తేదీ ఫలానాయేనా?" అని అడగకండి, "మీ పుట్టిన తేదీ చెప్పండి" అనండి. కంగారులో ఉన్నవాళ్లు, సరిగ్గా వినపడనివాళ్లు దేనికైనా అవునంటారు. వాళ్ల నోటితో చెప్పించుకుంటే తప్పు మనిషి ఫైలు తెరిచే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

ఫోన్‌లో ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఆగని రక్తస్రావం అనే మాటలు వినపడితే అపాయింట్‌మెంట్ క్యాలెండర్ తెరవనే కూడదు. హాస్పిటల్ రాతపూర్వకంగా ఇచ్చిన పద్ధతి ప్రకారం వెంటనే నర్సుకో ఎమర్జెన్సీకో కలపాలి. ఆ పద్ధతి కాగితం మీ డెస్కు దగ్గర లేకపోతే చేరిన మొదటి రోజే అడిగి తీసుకోండి.

కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవారికి ఇది మంచి బడి. ఆరు నెలల్లో హాస్పిటల్ అంతా పరిచయమవుతుంది. వైద్య భాష మాత్రం పైపైనే అబ్బుతుంది, దాన్ని విడిగా చదువుకోవాలి.

## వార్డు డెస్కు

వార్డులో మీరు మంచాల లెక్కకు కాపలాదారు. ఎవరు చేరారు, ఎవరు వేరే వార్డుకు మారారు, ఎవరు ఇంటికి వెళ్లారు అన్న మూడు కదలికలను అవి జరిగిన టైముతో సహా సిస్టమ్‌లో ఎక్కించాలి. ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది గానీ, ఆలస్యమైతే ఏమవుతుందో చూడండి. పేషెంట్‌ను 11 గంటలకు ఐసీయూకు మార్చి, సిస్టమ్‌లో 2 గంటలకు ఎక్కించారనుకోండి. ఆ మధ్యలో వచ్చిన ల్యాబ్ రిపోర్టులు పాత వార్డు ప్రింటర్‌లో పడతాయి, భోజనం పాత మంచం దగ్గరికి వెళుతుంది, స్కాన్‌కు తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి ఖాళీ మంచం చూసి వెనక్కి పోతాడు.

డిశ్చార్జి రోజు పని అంతా వెంటపడటమే. డిశ్చార్జి సమ్మరీ మీద సంతకం, ఇంటికి తీసుకెళ్లే మందులు, బిల్లు క్లియరెన్స్, తర్వాతి అపాయింట్‌మెంట్, వెళ్లడానికి వాహనం అనే ఐదింటిలో ఏ ఒక్కటి ఆగినా మంచం ఖాళీ కాదు, కింద ఎమర్జెన్సీలో ఇంకొకరు ఆ మంచం కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఐదూ ఒకదాని తర్వాత ఒకటి మొదలుపెడితే సాయంత్రం అవుతుంది. ముందు రోజే డాక్టర్ "రేపు పంపుదాం" అన్న వెంటనే ఐదింటినీ ఒకేసారి కదిలించేవాళ్లే మంచి వార్డు సెక్రటరీలు.

ఇక్కడ గీత దాటకూడని చోట్లు రెండు. బంధువులు ఫోన్ చేసి "ఎలా ఉన్నారు?" అంటే జవాబు మీది కాదు, ఎంత తెలిసినా ఫోన్ నర్సుకే ఇవ్వాలి. ల్యాబ్ నుంచి ప్రమాదకరమైన విలువ ఫోన్‌లో చెబుతుంటే "ఒక్క నిమిషం, నర్సును పిలుస్తాను" అనాలి. మీరే రాసుకోవచ్చని హాస్పిటల్ నియమం అనుమతిస్తే, రాసింది రాసినట్టు తిరిగి చదివి వినిపించి, చెప్పినవారి పేరు, టైము పక్కన రాసుకోవాలి.

రాత్రి షిఫ్టులు, పండగ రోజుల్లో డ్యూటీ, ఎదురుగా ఏడ్చే కుటుంబాలు ఉంటాయి. ఇవి మీకు పడితే వార్డు లాంటి చోటు ఇంకొకటి లేదు, ఎందుకంటే నర్సులు మిమ్మల్ని తమలో ఒకరిగా చూస్తారు. పడకపోతే అలవాటైపోతుందిలే అని నమ్మి చేరకండి.

## విభాగం సెక్రటరీ

మెడికల్ సెక్రటరీ అనగానే చాలామంది మనసులో మెదిలేది ఈ కుర్చీయే. ఒక కన్సల్టెంట్‌కో, ముగ్గురు నలుగురు డాక్టర్ల బృందానికో ఉత్తరాలు, రిపోర్టులు, ఫోన్లు, క్యాలెండర్ అన్నీ చూడాలి. బయటికి గౌరవంగా కనిపిస్తుంది, నిజంగానే గౌరవమైన పని. దీని అసలు బాధ్యత మాత్రం బయటికి కనిపించని చోట ఉంటుంది.

డాక్టర్ ఓపీలో ఒక పేషెంట్‌కు సీటీ స్కాన్ రాసి, "రిపోర్టు చూసి చెబుతాను" అన్నారు. ఆ ఒక్క మాటకు, పని పూర్తవడానికి మధ్య మూడు గోతులున్నాయి. స్కాన్ రాశారు గానీ ఎవరూ బుక్ చేయలేదు. స్కాన్ అయింది, రిపోర్టు వచ్చింది, డాక్టర్ చూడలేదు. డాక్టర్ చూశారు, పేషెంట్‌కు ఎవరూ చెప్పలేదు. పేషెంట్ మాత్రం "ఏ కబురూ రాలేదంటే అంతా బాగున్నట్టే" అనుకుని ఇంట్లో ఉంటారు. గడ్డ పెరుగుతూ ఉంటుంది.

దీనికి మందు ఒక మామూలు పట్టిక. నిలువు వరసలు ఆరు: ఏ పరీక్ష, రాసిన తేదీ, బుక్ అయిన తేదీ, రిపోర్టు వచ్చిన తేదీ, డాక్టర్ చూసిన తేదీ, పేషెంట్‌కు చెప్పిన తేదీ. వారానికి ఒక రోజు, శుక్రవారమైతే శుక్రవారమే, పట్టిక పైనుంచి కిందికి చదవాలి. రిపోర్టు వచ్చిన తేదీ ఉండి, పక్క గడి ఖాళీగా కనిపించిందంటే ఆ రిపోర్టు ఎవరి కంటా పడకుండా ఉందన్నమాట. సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందని దీన్ని మానేయకండి. రిపోర్టు తెరిచి చూడగానే చాలా సిస్టమ్‌లు "చూశారు" అని గుర్తు పెడతాయి. తెరవడం వేరు, చదివి నిర్ణయం తీసుకోవడం వేరు.

రెఫరల్ ఉత్తరాలదీ, అంటే వేరే డాక్టర్లు పేషెంట్‌ను పంపుతూ రాసేవాటిదీ, అదే కథ. వచ్చిన రోజే తెరవాలి, వచ్చిన తేదీ ముద్ర వేయాలి, ఎంత తొందరో డాక్టర్‌తో అదే రోజు రాయించుకోవాలి. ఏది అర్జంటు అన్న నిర్ణయం సెక్రటరీది కాదు, కానీ ఆ నిర్ణయం ఆలస్యం కాకుండా చూడటం పూర్తిగా సెక్రటరీదే. డాక్టర్ సెలవు మీద వెళితే ఆ రెండు వారాలు రిపోర్టుల ఇన్‌బాక్స్ ఎవరు చూస్తారో పేరు రాసి పెట్టుకోకపోతే ఈ పద్ధతులన్నీ కుప్పకూలుతాయి.

ఇక్కడ ఇచ్చిపుచ్చుకునే లెక్క ఇలా ఉంటుంది. మీకు స్వతంత్రం ఎక్కువ, ఒక స్పెషాలిటీ భాష లోతుగా పట్టుబడుతుంది, పేషెంట్లు పేరుతో గుర్తుపడతారు. కానీ మీ రోజంతా ఒకరిద్దరు డాక్టర్ల స్వభావం మీద ఆధారపడి ఉంటుంది. ఓపీ ముగిసిన రోజే డిక్టేట్ చేసే డాక్టర్‌తో ఈ ఉద్యోగం హాయిగా సాగుతుంది. మూడు వారాల బాకీని ఒక్క సాయంత్రం చెప్పే డాక్టర్ అయితే, ఆయన గుర్తు తెచ్చుకుని చెప్పిన సగం సగం వివరాలకూ, ఫోన్‌లో నిలదీసే పేషెంట్లకూ మధ్య నలిగేది మీరే. అందుకే ఈ కుర్చీ ఎంచుకునేటప్పుడు హాస్పిటల్ పేరు కన్నా ఆ డాక్టర్ అలవాట్లు ముందు కనుక్కోండి.

## ఆపరేషన్ల షెడ్యూలింగ్

రేపటి ఓటీ (ఆపరేషన్ థియేటర్) లిస్టు ఈరోజు మధ్యాహ్నానికి తయారవ్వాలి. లిస్టులో ఒక్కో పేషెంట్‌కు ఉండాల్సినవి: పూర్తి పేరు, పుట్టిన తేదీ, హాస్పిటల్ నంబర్, వార్డు, ఆపరేషన్ పూర్తి పేరు, ఎడమా కుడా, మత్తు ఏ రకం, అలర్జీలు, రక్తం సిద్ధంగా ఉందా, ఇంప్లాంట్ లేదా ఎక్స్-రే పరికరం కావాలా, తర్వాత ఐసీయూ మంచం అవసరమా.

ఎడమ, కుడి అన్నవి పొట్టి అక్షరాల్లో రాయకూడదు, పూర్తి మాటగా రాయాలి. చేతిరాతలో, మసకబారిన ప్రింట్‌లో ఒక్క అక్షరం ఇంకో అక్షరంలా కనిపించడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్ మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంట్ థియేటర్ దాటే ముందు అని మూడు చోట్ల ఆగి చూసుకోమంటుంది. మనిషి, ఆపరేషన్, పక్క సరైనవేనా అని అక్కడ అడుగుతారు. థియేటర్‌లో అందరి చేతుల్లో ఉండే కాగితాల్లో మీరు టైప్ చేసిన లిస్టూ ఒకటి. సమ్మతి పత్రం మీద ఒకటి, లిస్టు మీద ఇంకొకటి ఉంటే అక్కడ పని ఆగుతుంది. ఆగడమే మంచిది కూడా. కానీ లిస్టు పంపేముందు సమ్మతి పత్రం పక్కన పెట్టుకుని పోల్చి ఉంటే ఆ గందరగోళం థియేటర్ దాకా వెళ్లేది కాదు.

వరస కూడా ఊరికే పెట్టేది కాదు. చిన్నపిల్లలు, డయాబెటిస్ ఉన్నవాళ్లు ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉండలేరు కాబట్టి సాధారణంగా ముందు వస్తారు. లేటెక్స్ (రబ్బరు) అలర్జీ ఉన్నవారినీ ముందే పెడతారు. ఇన్ఫెక్షన్ ఉన్న కేసు చాలాచోట్ల చివర్లో ఉంటుంది. ఆఖరి మాట సర్జన్, మత్తు డాక్టర్లది. వాళ్లు వరస మార్చిన ప్రతిసారీ కొత్త లిస్టు మీద కొత్త వెర్షన్ నంబర్, టైము వేసి, పాత కాపీలన్నీ వెనక్కి తెప్పించాలి. గోడ మీద పాత లిస్టు అలాగే వేలాడుతుండటం ఈ డెస్కుకు ఉన్న పెద్ద ప్రమాదం.

పేషెంట్‌కు ఫోన్ చేసి ఖాళీ కడుపు గురించి చెప్పేటప్పుడు సొంత మాటలు వద్దు. ఘనాహారం 6 గంటల ముందు, మంచినీళ్లలాంటి తేట ద్రవాలు 2 గంటల ముందు ఆపాలన్నది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు మత్తు నిపుణుల మార్గదర్శకాల్లో సాధారణంగా కనిపించే నియమం, కానీ మీ హాస్పిటల్ మత్తు విభాగం ఇచ్చిన కాగితంలో ఏముందో అదే చదవాలి. పాలు కలిపిన టీ తేట ద్రవం కాదని విడమరిచి చెప్పండి, చాలామంది అక్కడే పొరబడతారు. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నామంటే ఆపమని గానీ వేసుకోమని గానీ మీరు చెప్పకూడదు, అదే గంటలో డాక్టర్‌కు తెలియజేయాలి. ఆ ఫోన్ ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం చేస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, ఎందుకంటే అలాంటి మందులు కొన్నిటిని చాలా రోజుల ముందే ఆపాల్సి ఉంటుంది. ఆపరేషన్‌కు వారం కన్నా ముందే ఒకసారి, ముందు రోజు ఇంకోసారి చేయండి.

పజిల్ విప్పడం ఇష్టమైనవారికి, సర్జన్ గొంతు పెంచినా తొణకనివారికి ఈ పని బాగా నప్పుతుంది. ఇంటికి వెళ్లాక కూడా లిస్టు గురించే ఆలోచించేవారైతే రెండుసార్లు ఆలోచించండి.

## డిక్టేషన్ టైపింగ్

ఫోన్ మోగదు, క్యూ ఉండదు. ఒక నిమిషం ఆడియోకు చేయి తిరిగినవాళ్లకు కూడా మూడు నాలుగు నిమిషాల పని పట్టడం మామూలే, అంటే గంట డిక్టేషన్ దాదాపు సగం రోజు. ఉద్యోగంలో రోజుకు ఇన్ని నిమిషాల ఆడియో అని లక్ష్యం పెడితే ఈ లెక్కతో పోల్చి చూసుకోండి.

చెవికి ఉచ్చు పన్నే మాటల సంగతి చూద్దాం. చిన్నపేగు చివరి భాగం ఇలియమ్, తుంటి ఎముక కూడా ఇలియమే. వినడానికి తేడా లేదు, ఇంగ్లీషు స్పెల్లింగులో మధ్యన ఒక్క అక్షరం మారుతుంది. వాక్యంలో పేగు గురించి ఉందా, ఎముక గురించి ఉందా అని చూసి రాయాలి. డిస్‌ఫేజియా అంటే మింగడంలో ఇబ్బంది, డిస్‌ఫేసియా అంటే మాట రావడంలో ఇబ్బంది. పక్షవాతం వచ్చిన మనిషికి రెండూ ఉండవచ్చు, సందర్భం కూడా కాపాడదు. హైపో (తక్కువ), హైపర్ (ఎక్కువ) సరేసరి. "నో" అన్న చిన్న మాట ఊపిరిలో కలిసిపోతే పెన్సిలిన్ అలర్జీ లేదన్నది ఉందని అయిపోతుంది, ఉందన్నది లేదని కూడా కావచ్చు.

అంకెల విషయంలో రెండు నియమాలు గోడకు అంటించుకోండి. 1 మి.గ్రా. అని రాయాలి, 1.0 అని రాయకూడదు, చుక్క కనపడకపోతే అది 10 అవుతుంది. అర మిల్లీగ్రాము అంటే 0.5 అని రాయాలి, ముందు సున్నా వదిలేస్తే 5 అవుతుంది. మైక్రోగ్రామ్ అనే మాటను పూర్తిగా రాయండి, మిల్లీగ్రామ్‌తో పొరబడితే తేడా వెయ్యి రెట్లు.

వినపడని చోట ఊహించడం ఈ పనిలో మహాపాపం. ఖాళీ వదిలి, "3 నిమిషాల 12 సెకన్ల దగ్గర వినపడలేదు" అని గుర్తు పెట్టి డాక్టర్‌కు పంపాలి. ఖాళీలు పంపితే చేతకాదనుకుంటారేమో అని కొత్తవాళ్లు భయపడతారు. ఖాళీలు పంపితే విసుక్కునే చోట పని చేయడమే ప్రమాదం.

ఇప్పుడు చాలా హాస్పిటళ్లలో మాటను కంప్యూటరే టైప్ చేస్తుంది, మనిషి దిద్దుతాడు. పని తేలికైందని అనుకోవద్దు. యంత్రం చేసే తప్పుల్లో స్పెల్లింగ్ సరిగ్గానే ఉంటుంది, మాటే వేరుగా ఉంటుంది, కాబట్టి స్పెల్ చెక్ పట్టుకోదు. తీరైన అక్షరాలు చూస్తూ కన్ను జారిపోతుంది. ఆడియో వింటూ చదవాల్సిందే, కేవలం చదివితే సరిపోదు. ఈ కుర్చీలోకి వచ్చేవారు టైపింగ్ వేగం కన్నా దిద్దే శక్తి మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవాలి. ఉద్యోగాలు అటువైపే మళ్లుతున్నాయి. మణికట్టు, మెడ నొప్పులు ఇప్పటికే ఉన్నవారికి దీన్ని సిఫారసు చేయలేం.

## రికార్డులు-కోడింగ్

ఫైలు పూర్తయిందా, సంతకం ఉందా, తేదీ ఉందా అని చూసి, జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు ఇవ్వడం ఈ పని. ఆ కోడ్‌ల అంతర్జాతీయ పట్టిక పేరు ఐసీడీ, ఎన్నో దేశాల్లో ఇంకా దాని పదో వెర్షన్ ఐసీడీ-10 నడుస్తోంది. ఐసీడీ-11 అధికారికంగా 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కాబట్టి ఇప్పుడు చేరేవారు సర్వీసులో ఒకసారి మొత్తం పద్ధతి మార్చుకోవాల్సి రావచ్చు. మొదటి రకం డయాబెటిస్‌కు ఇ10, రెండో రకానికి ఇ11. డాక్టర్ ఊరికే "డయాబెటిస్" అని రాస్తే, మందుల చీటీలో ఇన్సులిన్ చూసి మొదటి రకం అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే రెండో రకంలోనూ ఇన్సులిన్ ఇస్తారు. డాక్టర్‌ను రాతపూర్వకంగా అడిగి తేల్చుకోవాలి. ప్రశాంతంగా, స్థిరంగా సాగే పని. సర్టిఫికెట్ పరీక్షలు రాస్తే బాగా ఎదగవచ్చు. మనుషుల సందడి కావాలనుకునేవారికి మాత్రం ఎడారిలా ఉంటుంది.

## ఎవరికి ఏది

ఇప్పుడే మొదలుపెడుతున్నవారు, అసలు ఏది ఇష్టమో తెలియనివారు ఏడాదిపాటు ఓపీ కౌంటర్‌లో ఉండి, ఆ తర్వాత విభాగానికి మారడం మంచి దారి. నేరుగా విభాగం సెక్రటరీగా చేరితే ఒక మూల మాత్రమే తెలుస్తుంది, ఎవరికి ఫోన్ చేస్తే పని అవుతుందో తెలియక మొదటి ఆరు నెలలు ఇబ్బంది పడతారు.

ఇంటికి ఒక టైముకు చేరి తీరాల్సినవారికి రికార్డులు మొదటి ఎంపిక, ఓపీ రెండోది. ఓపీ ఒంటిగంటకు అయిపోతుందని రాసి ఉన్నా, చివరి పేషెంట్ వెళ్లేదాకా కదలలేరని లెక్కలో వేసుకోండి. ఇంటి నుంచి పని కావాలంటే టైపింగ్, కోడింగ్‌లలోనే అవకాశం ఎక్కువ. అయితే పేషెంట్ వివరాలున్న స్క్రీన్ ఇంట్లో మరెవరి కంటా పడని గది మీకు ఉండాలి.

టైపింగా, కోడింగా అని ఊగిసలాడేవారు తమ చెవినీ కంటినీ పరీక్షించుకోవచ్చు. రకరకాల యాసల్లో, గబగబా చెప్పే మాట ఇట్టే పట్టుకోగలిగితే టైపింగ్. నలభై పేజీల ఫైల్లో ఒకచోట రాసింది ఇంకోచోట రాసినదానికి విరుద్ధంగా ఉందని పట్టుకోగలిగితే కోడింగ్.

విభాగమా, షెడ్యూలింగా అన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. ఒకే పేషెంట్‌ను మొదటి ఉత్తరం నుంచి చివరి ఫాలో అప్ దాకా వెంట ఉండి చూడటం తృప్తినిస్తే విభాగం. ప్రతి సాయంత్రం ఒక పని ముగిసి, మర్నాడు కొత్త కాగితంతో మొదలవ్వడం నచ్చితే షెడ్యూలింగ్.

ఏ డెస్కుకైనా ముందే నేర్చుకోవాల్సిందొకటి ఉంది: వైద్య పదాల తోకలు. టమీ అంటే కోయడం, ఎక్టమీ అంటే తీసేయడం, ఆస్టమీ అంటే ద్వారం చేయడం. కొలెక్టమీలో పెద్దపేగు భాగం తీసేస్తారు, కొలాస్టమీలో పేగుకు పొట్ట మీద ద్వారం పెడతారు. ఈ రెండూ కలగాపులగమైతే లిస్టు, ఉత్తరం, కోడ్ మూడూ తప్పుతాయి. ఇలాంటి తోకలు, మొదళ్లు రోజుకు పది చొప్పున నెల రోజులు చదివితే మూడు వందలు వస్తాయి. వాటితో ఎన్నడూ వినని పదాన్ని కూడా విడదీసి అర్థం చేసుకోగలుగుతారు.

## ఒప్పుకునే ముందు

వీలైతే ఆ డెస్కు పక్కన సగం రోజు కూర్చోనివ్వమని అడగండి. సోమవారం ఉదయం అయితే అన్నిటికన్నా మేలు, వారాంతపు బాకీ అంతా అప్పుడే మీద పడుతుంది. పేషెంట్ వివరాలు బయటపడకుండా గోప్యత పత్రం మీద సంతకం పెట్టమంటారు, పెట్టండి. అసలు అడగని చోటైతే వాళ్లు గోప్యతను ఎంత తేలిగ్గా తీసుకుంటున్నారో అక్కడే తెలిసిపోతుంది.

కూర్చున్నప్పుడు మూడు లెక్కలు వేసుకోండి. గంటకు ఎన్నిసార్లు పని ఆగింది? టైప్ కావాల్సిన అన్నిటికన్నా పాత డిక్టేషన్ ఏ తేదీది? రాతపూర్వక పద్ధతుల ఫైలు ఎక్కడుంది, దాని మీద చివరి తేదీ ఏంటి? డిక్టేషన్ బాకీ రెండు వారాలు దాటితే ఆ బాకీ తీర్చడానికే మిమ్మల్ని తీసుకుంటున్నారని అర్థం. అది తప్పేం కాదు, కానీ జీతం మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన సంగతి.

ఇంటర్వ్యూలో "మమ్మల్ని ఏమైనా అడగాలా?" అంటారు కదా, అప్పుడు ఈ రెండూ అడగండి: ఈ కుర్చీలో ఇంతకుముందు ఉన్నవారు ఎందుకు వెళ్లిపోయారు? నేను సెలవు పెట్టిన రోజు నా పట్టిక, నా ఇన్‌బాక్స్ ఎవరు చూస్తారు? రెండో ప్రశ్నకు ఒక మనిషి పేరు వెంటనే వినపడితే ధైర్యంగా చేరండి. "అప్పటికి ఎలాగో సర్దుకుంటాం" అంటే మాత్రం, చేరేలోపే ఆ పేరు ఎవరిదో రాతలో ఇవ్వమని కోరండి.